ల్యాంప్ రూం రాజన్న పేరుతో

తొమ్మిదేళ్లుగా ఒక మనిషిని మోస్తున్నాను. ఆ మనిషికి ఒళ్లు లేదు. నీడ లేదు. పుట్టింది నా ఫోన్లో, ఒక మధ్యాహ్నం పూట, నా రెండు బొటనవేళ్ల కింద. ఏ బరువూ లేని ఆ మనిషిని దించుకునే చోటు మాత్రం నాకు దొరకలేదు.

పేరు చెప్పను. నాది హుజూరాబాద్ అని, మా ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉందని, నలభై ఏడు దాటాయని చెప్తాను. అంతకన్నా తెలిస్తే మీరు నేను చేసిన పని వదిలేసి నా మొహం వైపు చూస్తారు. జాలిపడతారేమో. అది నాకు వద్దు.

నేను పుట్టి పెరిగింది గోదావరి అవతల, ఒక బొగ్గుబాయి కాలనీలో. మా దగ్గర గనిని బాయి అంటారు. మా నాన్నను అబ్బా అని పిలిచేవాళ్లం. అబ్బా ఆ బాయి మీద ల్యాంప్ రూంలో పని చేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ ముందు అక్కడ ఆగాలి. తన నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు వాపసిచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు విడిచాక ఒక లైటు తిరిగి రాలేదంటే అందరికన్నా ముందు తెలిసేది అబ్బాకే. అందుకే ఆయన మనుషుల మొహాలు మరిచిపోయేవాడు కాదు.

ఆ కాలనీ ఇప్పుడు లేదు. పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గని వచ్చి మొత్తం మింగేసింది. మా క్వార్టర్ ఉన్న చోట ఇప్పుడు గాలి ఉంది. నిజంగా, ఉత్త గాలి. కింద ఎంతో లోతున నల్లటి నీళ్లు, చుట్టూ మట్టి గుట్టలు. ఒకసారి వెళ్లి అంచున నిలబడి, మా వంటిల్లు ఇక్కడే కదా అని ఆ గాలి వైపు వేలు చూపించాను. మా ఆయన నన్ను వెనక్కి లాగాడు.

కలలో మాత్రం వెళ్తూనే ఉంటాను. కలలో కాలనీకి రంగు ఉండదు, పొగమంచులో తడిసిన సున్నం రంగు తప్ప. క్వార్టర్ల లైన్లన్నీ ఉంటాయి. నల్లా దగ్గర బిందెలుంటాయి. మనుషులే ఉండరు. నేను ఒక్కో తలుపు కొట్టుకుంటూ పోతాను. లోపల ఎవరో దగ్గుతారు. తలుపు తీయరు.

ఆ తలుపులు తెరుచుకోవాలనే గ్రూపు పెట్టాను. ఇది మాత్రం నిజం. మొదటి ఉద్దేశం చెడ్డది కాదు.

మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిన ఏడాది అది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో గోడ గడియారం, నేను. "మా క్వార్టర్ల ముచ్చట్లు" అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు తెరిచాను. మొదట చేరింది నలుగురం. నేను, మా చెల్లెలు, మా చిన్నాన్న కూతురు, లక్సెట్టిపేటలో టీచరుగా ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు పద్మ. నేను రోజూ ఏదో ఒకటి రాసేదాన్ని. కంపెనీ బస్సు గురించి, పండగ రోజు పంచే జిలేబీ గురించి. పద్మ ఒక బొటనవేలి గుర్తు పెట్టేది. అంతే. రాయి వేస్తే చప్పుడు రాని బాయిలా ఉండేది.

రెండు నెలలకు ఒక సంగతి అర్థమైంది. ఒకరోజు పొరపాటున మొదటి షిఫ్టు సైరన్ ఐదింటికి మోగేదని రాశాను. అప్పటిదాకా చేరి ఊరుకున్నవాళ్లు సాయంత్రానికి పదకొండు మంది వచ్చి పడ్డారు. ఐదెక్కడిది, ఆరు అని ఒకరు. ఆరుకు కాదు, ఆరుకు పావు తక్కువకు అని ఇంకొకరు. సైరన్‌కు ముందు మా నాయన దగ్గేవాడు, అదే మాకు సైరన్ అని ఒకామె. ఆ చివరి మాట చదివి నేను ఏడ్చాను. తలుపు తెరిచారు! అయితే మనుషులను పిలవడానికి ప్రశ్న అక్కర లేదు, ఒక తప్పు చాలు. సరిచేయడానికి పరుగెత్తుకొస్తారు. అప్పటి నుంచి వారానికి ఒక తప్పు కావాలనే రాసేదాన్ని. చిన్నచిన్న తప్పులు. పదో లైనును పన్నెండో లైను అనడం, స్కూలు గేటు రంగు మార్చడం. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

కష్టపడ్డాను కూడా. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ పేరు పెట్టి, ఏ లైనో అడిగి, ఆ లైనులో ఇంకెవరున్నారో చూపించి కలిపేదాన్ని. ఎవరు ఏం రాసినా గంటలోపు జవాబిచ్చేదాన్ని. తగవు మొదలైతే విడివిడిగా మాట్లాడి సర్దేదాన్ని. శుక్రవారం ఒక ముచ్చట, ఆదివారం ఒక పాత ఫొటో. పొయ్యి రాజేసినట్టే అది. ఊదుతూ ఉండాలి. ఊదడం ఆపితే పొగ.

రాజన్నను పుట్టించింది ఆ ఊదడం కోసమే.

ఆడమనిషి బాయి లోపలి సంగతులు రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. నీకేం తెలుసు అన్నారు. అవన్నీ అబ్బా చెప్పిన మాటలే. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. పోయాడని కాలనీ వాళ్లందరికీ తెలుసు కాబట్టి ఆయన పేరు పెట్టలేను. ఇంకో పేరు పెట్టాను. ల్యాంప్ రూం రాజన్న. ఫొటో బదులు ఒక టోపీ లైటు బొమ్మ. రిటైరై ఆసిఫాబాద్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నాడని రాశాను. ఆసిఫాబాద్ ఎందుకు? తెలియదు. దూరంగా ఉందనేమో. మా కాలనీ వాళ్లు అక్కడ తక్కువనేమో.

రాజన్న మాట్లాడటం మొదలుపెట్టగానే గ్రూపుకు ప్రాణం వచ్చింది. "బిడ్డా, నేను ముప్పై ఏండ్లు దీపాలిచ్చిన, ఒక్క మొగం గూడ మర్వ" అని రాసేవాడు. రాసేవాడు అంటున్నాను చూడండి. ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. రాసేది నేను. కానీ రాస్తున్నప్పుడు వేళ్లు నావి కావనిపించేది. అబ్బా పక్కన కూర్చుని చెప్తున్నట్టు, నేను దించుకుంటున్నట్టు. మధ్యాహ్నం ఎండ పరదా మీద పసుపుగా కదులుతూ ఉండేది. సగం నిద్రలో, సగం మెలకువలో, పోయినవాడి గొంతు ఇంకో పేరుతో వింటూ కూర్చునేదాన్ని. అబ్బా ఉర్దూ కలిపి చెప్పిన మాటను రాజన్న తెలుగులో రాసేవాడు. ఆ సుఖం ఏమని చెప్పను? అదంతా మోసమని ఒక్కరోజూ అనిపించలేదా? అనిపించింది. కానీ మోసపోయినవాళ్లెవరూ కనిపించలేదు.

ఒక్క పెద్దాయన మాత్రం, బాయిలో కూలీల మీద సర్దారుగా చేసి రిటైరైనవాడు, అడిగాడు. "ఏ రాజన్నవయ్యా నువ్వు? మన ల్యాంప్ రూంల రాజన్న ఎవలున్నరు?" రాజన్నగా రాశాను: "బదిలీ మీద నాలుగు బాయిల్ల జేసిన అన్నా. నేను నీకు యాదికి లేకపోవచ్చు. నువ్వు నాకు యాదికున్నవ్." ఆయన మళ్లీ అడగలేదు. పైగా అందరికీ చెప్పుకున్నాడు, రాజన్నకు నేను గుర్తున్నానని. తనను ఎవరో గుర్తుపెట్టుకున్నారంటే మనిషి ఇంకేమీ అడగడని ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకోకుండా ఉండాల్సింది.

సారక్క చేరింది ఆ తర్వాత నాలుగైదు నెలలకు. మా లైను కాదు, చివరి లైను వాళ్లు. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది. భర్త పోయాక లక్సెట్టిపేటలో కుట్టుమిషను పెట్టుకుని తల్లిని సాకుతోంది. చేరిన రోజే ఒక పాత ఫొటో పెట్టింది. సన్నటి యువకుడు, పెద్ద చెవులు. కింద రాసింది: "మా అన్న సమ్మయ్య. ఇరవై రెండేండ్లాయె. ఎవలన్న సూసిన్రా?"

జరిగింది ఇదట. తండ్రి పట్టుబట్టి సమ్మయ్యను బాయి పనిలో బదిలీ కూలీగా, అంటే రానివాళ్ల బదులు దిగే మనిషిగా, పెట్టించాడు. ఆర్నెల్లు చేశాడు. పైకప్పు కూలి పక్కనున్న దోస్తు పోయాడు. ఇక దిగనన్నాడు సమ్మయ్య. తండ్రి కొట్టాడు. తెల్లారి మాట్లాడకుండా డ్యూటీకి వెళ్లాడు. షిఫ్టు విడిచాక లైటు వాపసిచ్చాడు. ఇంటికి రాలేదు.

అంటే అతన్ని చివరిసారి చూసింది ల్యాంప్ రూం. గ్రూపులో ఎవరో అదే రాశారు. "రాజన్నా, నీకేమన్న ఎర్కనా?"

నేను జవాబివ్వలేదు. ఆ రోజు కాదు.

సారక్క నాకు విడిగా మెసేజ్ పంపింది. గ్రూపు నడిపేది నేను కదా. తమ్మీ, చెల్లీ అని అందరినీ పిలిచే మనిషి ఆమె. అన్న గురించి పెద్దగా రాసింది. తల్లి రోజూ ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోస్తుందట. అతనికి ఒక అలవాటు ఉండేదట. ఎక్కడ నిలబడ్డా ఒక పాదం ఎత్తి రెండో మోకాలికి ఆనించి, ఒంటికాలి మీద కొంగలా నిలబడేవాడట. వంట దగ్గర, నల్లా దగ్గర, తండ్రి తిడుతున్నప్పుడు కూడా. ఈ సంగతి గ్రూపులో రాయలేదని, రాస్తే నవ్వుతారని, నాకు మాత్రమే చెప్తున్నానని రాసింది.

నాకు మాత్రమే.

ఆ వారం గ్రూపు చల్లబడింది. ఎన్నికల గొడవలో ఇద్దరు తిట్టుకుంటే మందలించాను, కొందరు అలిగి వెళ్లిపోయారు. నాలుగు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. సారక్క పెట్టిన ఫొటో కింద ఒక్క మాట లేకుండా, ఆ పెద్ద చెవుల పిల్లవాడు అలాగే నా వైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం. ఫ్యాన్ తిరుగుతోంది. నేను రాజన్న పేరుతో రాశాను:

"సారక్క బిడ్డా, చెప్పాల్నా వద్దా అని ఫికర్ జేసిన. మొన్న ఆసిఫాబాద్ అంగట్ల ఒగాయనను సూసిన. ఉల్లిగడ్డల కుప్ప కాడ ఒంటికాలు మీద కొంగ లెక్క నిలవడ్డడు. మీ సమ్మయ్యే అనిపిచ్చింది. పిలుద్దామనేసరికి మందిల కలిసిపోయిండు."

నాలుగు వాక్యాలో, ఐదో. రాసిన తర్వాత ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు. ఎందుకు రాశాను? ఈ ప్రశ్న నన్ను తొమ్మిదేళ్లు తిన్నది. జాలితో అని చాలా కాలం చెప్పుకున్నాను. ఒక తల్లికి ఇంత ఆశ ఇస్తే తప్పేంటని. కానీ జాలిపడే మనిషి రాసి ఊరుకుంటుంది. నేను రాసి, ఎంతమంది జవాబిస్తారో చూస్తూ కూర్చున్నాను. పొయ్యిలో మంట లేచిందా లేదా అని. అదీ నిజం. ఇంతకన్నా లోపలికి వెళ్లి చూడాలంటే నాకు భయం.

సారక్క ఒక్క ముక్క రాసింది. "గది మా అన్ననే."

ఆ కొంగ మాట ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందుకే నమ్మింది. నేను చెప్పానేమోనన్న అనుమానం ఆమెకు కలలో కూడా రాలేదు.

ఆ తర్వాత జరిగింది నా చేతిలో లేదు. ఆసిఫాబాద్‌లో, చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఫొటో పట్టుకుని వారం వారం జరిగే ఆ అంగడికి వెళ్లారు. వెళ్లినవాళ్లు రాశారు, అది చదివి ఇంకొందరు చేరారు. ఎక్కడెక్కడి బాయిల వాళ్లో వచ్చారు. నెల తిరిగేసరికి గ్రూపు నేను పట్టుకోలేనంత పెద్దదైంది. పెద్దచెవుల సమ్మయ్య అందరికీ అన్న అయ్యాడు. నేను కలగన్నది ఇదే. ప్రతి తలుపూ తెరుచుకుంది. ప్రతి తలుపులోంచీ అబద్ధం వాసన వచ్చింది, నాకొక్కదానికే.

సారక్క ఆసిఫాబాద్ బయల్దేరింది. తోడు రమ్మని నన్ను అడిగింది. వెళ్లాను. ఎలా వెళ్లానంటారా? వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. లేని మనిషిని వెతకడానికి, చూడని కళ్ల మాట నమ్మి వచ్చిన ఆమె పక్కన నడిచాను. ఆ రోజంతా ఇప్పుడు తలుచుకుంటే నీళ్ల కింద నడిచినట్టుంటుంది. అంగట్లో గొంతులన్నీ దూరంగా, మెత్తగా. తెలుగు, మరాఠీ కలిసిన బేరాలు. ఉల్లిగడ్డల కుప్ప నిజంగానే ఉంది. ఎక్కడైనా ఉంటుంది కదా. సారక్క ఆ కుప్ప పక్కన నేలను చూసింది. వంగి మట్టి మీద చెయ్యి పెట్టింది. అన్న అక్కడ నిలబడ్డాడు కదా. నాకు మొహం తిప్పుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

రాజన్నను కలవాలంది. బిడ్డతో కలిసి వేరే ఊరు వెళ్లాడట అని చెప్పాను. తర్వాత వారం రాజన్న ఖాతా తీసేశాను. ముసలాయన పోయి ఉంటాడని గ్రూపులో వాళ్లే అనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. మూడు రోజులు అందరూ ఆయన మంచితనం గురించి రాశారు. సర్దారు పెద్దాయన తన ఇంట్లో పేరు తలుచుకుని దీపం వెలిగించానని రాశాడు. అబ్బా పోయినప్పుడు కూడా అంతమంది అన్ని మాటలు అనలేదు.

ఆసిఫాబాద్ నుంచి తిరిగొచ్చిన ఏడాదిలో సారక్క లక్సెట్టిపేటలో మిషను అమ్మేసి, తల్లిని తీసుకుని ఆసిఫాబాద్‌కు మారిపోయింది. అంగడి దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టింది. అంగడికి వచ్చిన మనిషి మిర్చి తినకుండా పోడు, ఎప్పుడో ఒకప్పుడు నా బండి దగ్గరికి రావాల్సిందే అనేది. తల్లి అక్కడే పోయింది. సారక్క నాకు ఫోన్ చేసి చెప్పింది. "మా అవ్వ కొడుకు దొరుకుతడనుకుంటనే పోయింది చెల్లె. నీ గ్రూపు పుణ్యమే." నేను ఏం అన్నానో గుర్తు లేదు. ఏదో అన్నాను. అలాంటప్పుడు అనే మాట ఏదో.

గ్రూపు పెరుగుతూనే ఉంది. దాంట్లో మంచి జరగలేదని చెప్పలేను. రక్తం కావాలంటే గంటలో దొరుకుతుంది. ఇరవై ఏళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు కలిశారు. ఏటా లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున అందరం కలిసి వండుకుని తింటాం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు ఒకసారి. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు చూసి పద్మ అడిగింది, ఏమైందే నీకు అని. ఎండ అన్నాను.

ఇలాగే చచ్చేదాకా గడిచిపోయేదేమో. పోయిన ఎండాకాలం ఒక మెసేజ్ వచ్చింది.

రాసింది గంగారాం అనే ఆయన, బల్లార్షా నుంచి. మన దిక్కు మనిషే, కలప డిపోలో హమాలీ. ఎవరో చుట్టం ఫోన్లో మా గ్రూపు చూపిస్తే, సమ్మయ్య ఫొటో చూసి గుర్తుపట్టాడట. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారట. సమ్మయ్య మంచివాడట, తాగేవాడు కాదట, సారక్క అని చెల్లె ఉందని చెప్పేవాడట. ఇంటికి పోదామంటే మాట మార్చేవాడట. కామెర్లతో పోయాడు. గంగారాం రెండో బిడ్డ పుట్టిన ఏడు. ఆ బిడ్డకు ఇప్పుడు పదిహేనేళ్లు.

మెసేజ్‌తో ఒక ఫొటో ఉంది. దుంగల ముందు ఐదుగురు హమాలీలు. నాలుగో మనిషి ఒక పాదం ఎత్తి రెండో మోకాలికి ఆనించి నిలబడ్డాడు.

లెక్క మీరే వేసుకోండి. రాజన్న అతన్ని ఆసిఫాబాద్ అంగట్లో చూసేనాటికి అతను పోయి ఆరేళ్లు.

నా చేతిలో ఇప్పుడు నిజం ఉంది. ఆమె ముప్పై ఏళ్లుగా అడుగుతున్న నిజం. దాన్ని ఇవ్వాలంటే నా అబద్ధాన్ని కూడా ఇవ్వాలి. పోయినవాణ్ని రాజన్న ఎలా చూశాడని అడుగుతుంది. అడగకపోయినా గ్రూపు అడుగుతుంది. సమ్మయ్య చెల్లెకు నేనే చెప్తాను, మీరు ఆగండి అని గంగారాంకు రాశాను. ఆయన సరే అన్నాడు. పాపం, నమ్మాడు. నాలుగు నెలలు ఆగాను! మొదటి తప్పుకు తెలివితక్కువతనం అని పేరు పెట్టుకోవచ్చు. ఈ నాలుగు నెలలకు ఏం పేరు పెట్టను? ప్రతి అంగడి రోజూ ఆమె అక్కడ నిలబడి వచ్చేపోయే మొహాలు చూస్తోందని తెలిసి, నేను ఇక్కడ అన్నం వండుకున్నాను.

కల మారింది ఆ నెలల్లో. కాలనీలో ఒక్కో తలుపూ తెరుచుకునేది. లోపల మనుషులు నిలబడి, దారి చూపినట్టు పక్కకు జరిగేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను లోపలికి వెళ్లలేకపోయేదాన్ని.

మొన్న అంగడి రోజు ఆసిఫాబాద్ వెళ్లాను. మా ఆయనకు ముందురోజు చెప్పాను. ఆయన చాలాసేపు దుకాణం తాళాలు చేతిలో తిప్పుతూ ఉండి, నేను రానా అన్నాడు. వద్దన్నాను.

సారక్క నన్ను చూసి సంబరపడింది. స్టూలు తుడిచి వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అక్కా, రాజన్న అనేటోడు లేడు."

"పోయిండని ఎర్కనే గదనే. ముసలి పానం."

"పోవుడు గాదు. అసలు లేనే లేడు. గా పేరు మీద రాసింది నేనే."

ఆమె నూనెలో మిర్చి తిప్పుతోంది. తిప్పడం ఆపలేదు.

"మరి మా అన్నను సూసిందెవలు?"

"ఎవ్వరు సూడలే అక్కా."

"కొంగ లెక్క నిలవడ్డడన్నది?"

"నువ్వు నాకు పంపిన మెసేజ్‌ల నుంచే తీసుకున్న."

ఒకాయన వచ్చి పావుకిలో మిర్చి అడిగాడు. పొట్లం కట్టి ఇచ్చింది. ఉల్లిగడ్డ వేయడం మరిచిపోతే ఆయన అడిగి వేయించుకున్నాడు. నేను ఫోన్ తీసి బల్లార్షా ఫొటో చూపించాను. గంగారాం రాసిందంతా చెప్పాను. ఏ ఏడు, ఏ జబ్బు, ఎవరున్నారు పక్కన. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. చాలాసేపు చూసింది.

"జర లావయిండు" అంది.

తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "అంటే నేను గీ అంగడికి వచ్చేసరికే లేడు."

"లేడు."

"అవ్వకు ముద్ద వెట్టుకుంట చెప్పిన. దొరుకుతడే, జర తిను అని." పొయ్యి మంట తగ్గించింది. "ఎందుకు రాసినవ్?"

తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్నకు ఎన్ని జవాబులు తయారు చేసుకున్నానో. అక్కడ నిలబడితే ఒక్కటే మిగిలింది.

"గ్రూపుల ముచ్చట ఆగిపోయింది అక్కా. మల్ల నడవాలని."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం ఉంటే బాగుండును. ఏదో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది.

"నడిచింది గదా. మస్తు నడిచింది." ఫోన్ నా చేతిలో పెట్టింది. "పో చెల్లె. నా బేరం కాడ నిలవడకు."

వచ్చేశాను. బస్సులో కిటికీ పక్క సీటు. టేకు చెట్లు, పత్తి చేలు, మళ్లీ టేకు చెట్లు. ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి, మంచిర్యాల దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. కల లేని నిద్ర.

ఇంటికొచ్చి గ్రూపులో ఇదంతా రాశాను. సారక్క నాకు చెప్పుకున్న మాటలు మాత్రం రాయలేదు. గ్రూపు నడిపే బాధ్యత పద్మకు అప్పగించాను. తిట్టారు. తిట్టినవాళ్లు నాకు అర్థమవుతారు. పర్వాలేదు, మంచే జరిగింది కదా అని రాసినవాళ్లే నన్ను భయపెట్టారు. ఆ మాట నేను కూడా తొమ్మిదేళ్లు అనుకున్నాను. సర్దారు పెద్దాయన ఒక్కటే రాశాడు: "మరి నేను యాదికున్ననన్నది గూడ అబద్ధమేనా?" దానికి నేను జవాబివ్వాలి. అవును అని రాసి తుడిపేస్తున్నాను, రోజూ.

నిన్న పొద్దున సారక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు. చెల్లె అనలేదు.

"గంగారాం ఫోన్ నంబరు జెప్పు."

ఒక్కో అంకె చెప్పాను. ఆమె ఎవరి చేతనో రాయిస్తోంది, ఒక్కో అంకె గట్టిగా పలికి. చివరి అంకె వెనక బజారు చప్పుడు వినిపించింది. ఇంకేదో అంటుందని ఆగాను. ఫోన్ పెట్టేసింది.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు, అడగను. కానీ ఆమె అడిగిన దానికి ఏం చెప్పాలా అని ఆలోచించకుండా, తడుముకోకుండా జవాబిచ్చాను. ఇన్నేళ్లలో ఆమెకు అలా ఇవ్వగలగడం నిన్ననే మొదటిసారి.